పెద్ద తిరునాళ్ళకు మొదటి ప్రయాణం

పిల్లలూ!

సెలవులు దగ్గరపడితే మా ఇంటి అరుగు మీద సందడి ఎక్కువవుతుంది. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయినవాణ్ణి కదా, మా వీధిలో ఏ పిల్లవాడికి ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వస్తాడు. మొన్న ఒక కుర్రవాడు పరుగెత్తుకుంటూ వచ్చి, "సార్! మా బడిలో మమ్మల్ని బెంగుళూరు వండర్లాకు పిలుచుకుపోతారంట. నేను ఎప్పుడూ పోలేదు. ఏమేమి తీసుకుపోవాల? ఆడ ఎట్లుండాల?" అని అడిగాడు.

"నువ్వు తిరునాళ్ళకు ఎప్పుడైనా పోయినావా?" అన్నాను.

"పోకేం సార్! కదిరి తేరుకు ప్రతి ఏడూ పోతాం."

"అయితే నీకు సగం తెలిసినట్టే. మిగిలిన సగం చెబుతాను, కూర్చో" అన్నాను.

వాడికి చెప్పినదే మీకూ చెబుతున్నాను. అయితే ఇందులో ఒక మాట మాత్రం నేను కనిపెట్టినది కాదు. ఆ మాట నాకు ఒక ఆరో తరగతి పిల్ల నేర్పింది. అది నేర్చుకోవటానికి నేను ఒక గంటసేపు ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవలసి వచ్చింది. ఆ సంగతి చివర చెబుతాను.

తిరునాళ్ళలో ఏముంటాయి? రంగులరాట్నం, మిఠాయి అంగళ్ళు, గారడీవాడు, కొత్త బట్టలు, ఇసుక వేస్తే రాలనంత జనం. థీమ్ పార్కు అంటే ఇవన్నీ ఇనుముతోను, కరెంటుతోను ఏడాది పొడుగునా జరిగే తిరునాళ్ళ. మన రంగులరాట్నానికి కూడా ఒక పెద్దన్న ఉన్నాడు. 1893లో అమెరికాలోని చికాగో నగరంలో గొప్ప ప్రదర్శన జరిగింది. అప్పుడు ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఎత్తున ఒక చక్రం నిలబెట్టాడు. దానికి 36 పెట్టెలు, ఒక్కొక్క పెట్టెలో 60 మంది. లెక్క వేయండి, ఒక్కసారే 2,160 మంది! మన పల్లెలో ఎన్నో ఊళ్ళవాళ్ళు కలిస్తేగాని అంతమంది కారు. తిరునాళ్ళలో మీరెక్కే జెయింట్ వీల్ దాని వంశంలోదే.

కొండలెక్కి దిగుతూ పోయే రైలును రోలర్ కోస్టర్ అంటారు. అది దీనికంటే పాతది. 1884లో న్యూయార్కు దగ్గర కోనీ ఐలండ్‌లో థాంప్సన్ అనే ఆయన అటువంటి రైలును పెట్టాడు. టిక్కెట్టు అయిదు సెంట్లు. వేగం మాత్రం గంటకు ఆరు మైళ్ళే. మన ఎద్దులబండి కాస్త హుషారుగా పోతే దాదాపు అంత వేగం వస్తుంది! అయినా జనం విరగబడి ఎక్కారట.

ఇక డిస్నీలాండ్ పేరు మీరంతా విన్నదే. వాల్ట్ డిస్నీ ఒక ఉద్యానవనంలో తన కూతుళ్ళు గుర్రాల రాట్నం ఎక్కి తిరుగుతూ ఉంటే, తాను బెంచీ మీద ఊరికే కూర్చుని చూసేవాడు. 'పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉంటే ఎంత బాగుండును!' అని ఆయనకు తోచింది. ఆ తోచినదే 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ అయింది. మొదటి రోజే దొంగ టిక్కెట్లతో వేలమంది లోపలికి చొరబడ్డారు. కొత్తగా వేసిన తారు ఎండకు మెత్తబడి, ఆడవాళ్ళ చెప్పుల మడమలు అందులో దిగబడిపోయాయి. అంతకుముందు గొట్టాల పనివాళ్ళు సమ్మె చేసినందువల్ల తాగే నీళ్ళ కుళాయిలు చాలక, జనం దాహంతో అల్లాడారు. చూశారా! అంతటి డిస్నీకే మొదటి రోజు అన్నీ సరిగ్గా జరగలేదు. కనుక మొదటిసారి పోయే మీకు ఏవైనా ఒకటి రెండు పొరపాట్లు జరిగితే సిగ్గుపడనక్కరలేదు.

మన ప్రాంతానికి అందుబాటులో ఇటువంటివి కొన్ని ఉన్నాయి. హైదరాబాదు దగ్గర 1996లో మొదలయిన రామోజీ ఫిల్మ్ సిటీ ఒకటి. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో అని అది గిన్నిస్ పుస్తకానికెక్కింది. అదే హైదరాబాదు దగ్గర 2016లో ఒక వండర్లా తెరిచారు. బెంగుళూరు వండర్లా అంతకంటే పాతది, 2005లో తెరిచినది. మైసూరు రోడ్డు మీద, బెంగుళూరుకు 28 కిలోమీటర్ల దూరంలో బిడది దగ్గర ఉంది. 82 ఎకరాల స్థలం. మన అనంతపురం వైపు బడిపిల్లలకు బెంగుళూరు దగ్గర కాబట్టి మనవాళ్ళు ఎక్కువగా అక్కడికే పోతారు.

ఇప్పుడు ప్రయాణం సంగతి.

ముందు రోజు రాత్రి త్వరగా పడుకోండి. సంబరంతో నిద్ర రాదని నాకు తెలుసు. అయినా కళ్ళు మూసుకుని పడుకోండి. మన వైపునుంచి వెళ్ళే బస్సులు తెల్లవారుజామున మూడు గంటలకే బయలుదేరతాయి. నిద్ర లేనివాడు పార్కులో మధ్యాహ్నానికే చెట్టు కింద గుర్రు పెడతాడు. అటువంటివాళ్ళను నేను చాలామందిని చూశాను. వాళ్ళలో మాస్టర్లు కూడా ఉన్నారు!

కొత్త చెప్పులు వేసుకోకండి. రోజంతా నడవాలి. కొత్త చెప్పు కరిస్తే ఆ నొప్పి తప్ప మీకు ఇంకేమీ గుర్తుండదు. కాలికి అలవాటయిన పాత చెప్పులే మంచివి.

నీళ్ళలో దిగే ఆటలకు నైలాను బట్టలు కావాలి. నూలు బట్టలతో దిగనివ్వరు. ఎందుచేతనంటే, నూలు బట్టనుంచి సన్నని పీచు రాలుతుంది. మడుగులోని నీళ్ళను యంత్రాలు ఎప్పటికప్పుడు వడగట్టి, మందు కలిపి, మళ్ళీ మడుగులోకి పంపుతూ ఉంటాయి. పీచు చేరితే వడపోత మూసుకుపోతుంది. తడిసిన నూలు బట్ట బరువెక్కి మనల్ని కిందికి లాగుతుంది కూడా. ఇంకొక జత పొడిబట్టలు, ఒక తువ్వాలు తప్పక తీసుకుపోండి. గంపెడు సామాను మాత్రం వద్దు. లోపల లాకర్లు అద్దెకు ఇస్తారు. మీ సంచిని అందులో పెట్టి, తాళంచెవి మీలో నిదానస్థుడైనవాడికి ఇవ్వండి.

బయటినుంచి తెచ్చిన తిండిని లోపలికి రానివ్వరు. అందుచేత ఉదయం దారిలోనే ఇడ్లీయో, చిత్రాన్నమో తృప్తిగా తినండి. కాని తిన్న వెంటనే గిరగిర తిరిగే ఆటలు ఎక్కకండి. ఎందుకో చెబుతాను. ఒక గ్లాసులో నీళ్ళు పోసి, చిటికెడు టీపొడి వేసి, గరిటెతో గిర్రున తిప్పండి. గరిటె తీసేసిన తరువాత కూడా పొడి తిరుగుతూనే ఉంటుంది కదా! మన చెవి లోపలి భాగంలో కూడా సన్నని గొట్టాలు, వాటిలో ద్రవం ఉన్నాయి. మనం తిరిగి ఆగిన తరువాత కూడా ఆ ద్రవం కొంతసేపు కదులుతూనే ఉంటుంది. కళ్ళు 'ఆగిపోయాము' అంటాయి, చెవులు 'ఇంకా తిరుగుతున్నాము' అంటాయి. ఈ రెండింటి తగాదా మధ్య కడుపు వికారపెడుతుంది. అటువంటప్పుడు కూర్చుని, దూరాన ఉన్న కదలని చెట్టునో, గోడనో చూడండి. తగాదా తీరుతుంది.

గేటు తెరిచేవేళకు అక్కడ ఉండండి. లోపలికి పోగానే అందరూ ఎదురుగా కనిపించిన మొదటి ఆట దగ్గరే గుమిగూడుతారు. మీరు పటం చూసుకుని, చిట్టచివరి ఆటకు ముందు పోండి. అక్కడ వరుస తక్కువగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండవేళ నీళ్ళ ఆటలకు ఉంచుకోండి. అన్నీ ఆడాలని పట్టుపట్టకండి. తిరునాళ్ళలో అన్ని మిఠాయిలూ తిన్నవాడు సుఖపడ్డాడా? మీకు బాగా ఇష్టమైనవి ఆరో ఏడో ఎంచుకోండి. మిగిలినవి ఇంకొకసారికి ఉంటాయి.

ప్రతి పెద్ద ఆట ముందు ఎత్తు గుర్తు పెట్టి ఉంటుంది. దానికంటే పొట్టిగా ఉంటే ఎక్కనివ్వరు. అప్పుడు ఏడవకండి, ముని వేళ్ళ మీద నిలబడి మోసం చేయకండి. కూర్చున్నవాణ్ణి పట్టి ఉంచే ఇనుప కడ్డీని ఒక కొలతకు చేస్తారు. పొట్టివాడు ఆ కడ్డీ కింద నుంచి జారిపోవచ్చు. ఆ గుర్తు మిమ్మల్ని అవమానించటానికి కాదు, ఇంటికి క్షేమంగా పంపటానికి.

ఇక భయం సంగతి. రోలర్ కోస్టర్‌ను మొదట ఒక గొలుసు ఎత్తయిన చోటికి లాక్కుపోతుంది. అక్కడ వదిలేస్తే, ఆపైన దానికి ఇంజను లేదు. మీరు పెనుగొండ దిగువన సైకిలు మీద వాలులో జారినట్టే అది జారుతుంది. ఎత్తులో దాచుకున్న శక్తి వేగమవుతుంది, ఆ వేగంతోనే తరువాతి గుట్ట ఎక్కుతుంది. గాలి, రాపిడి కొంత శక్తిని తినేస్తాయి. అందుచేత అటువంటి రైళ్ళలో మొదటి గుట్టే అన్నిటికంటె ఎత్తు. తలకిందులుగా తిరిగేటప్పుడు కింద పడరెందుకు? బకెట్టులో సగం నీళ్ళు పోసి, చెయ్యి చాచి వేగంగా గుండ్రంగా తిప్పండి. బకెట్టు తలకిందులైనా నీళ్ళు ఒలకవు. అదే కిటుకు. దీనికితోడు కడ్డీలు ఉండనే ఉన్నాయి.

ఈ శాస్త్రమంతా తెలిసినా భయం వేయవచ్చు. నాకూ వేసింది. పడవలాగా ఊగే పెద్ద ఉయ్యాల మీద నేను కళ్ళు తెరవనే లేదు. భయం వేస్తే 'నేను ఎక్కను' అని చెప్పటానికి సిగ్గుపడకండి. ఎక్కనివాణ్ణి చూసి నవ్వకండి. కింద నిలబడి అందరి చెప్పులూ, కళ్ళజోళ్ళూ కాపాడేవాడు కూడా మీ జట్టులోవాడే.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి చెబుతాను.

2013 డిసెంబరులో మా బడినుంచి 43 మంది పిల్లల్ని బిడదికి తీసుకుపోయాము. మా బడి కదిరి ప్రాంతంలో ఒక పల్లెలో ఉండేది. నలుగురు మాస్టర్లం, ఒక బస్సు. నేను ట్రెయినింగు పొందిన ఉపాధ్యాయుణ్ణి కదా, బస్సులో లేచి నిలబడి ఇరవై నియమాలు చెప్పాను. నా మెడలో ఈల. నా చేతిలో పేర్ల పట్టిక. 'ఎవరైనా తప్పిపోతే నన్ను వెతుక్కుంటూ రండి, నేను ఎర్ర టోపీ పెట్టుకుని ఉంటాను' అన్నాను. నా ఏర్పాటు నాకే ఎంతో గొప్పగా కనిపించింది.

కోడికొండ చెక్‌పోస్టు దాటి కర్ణాటకంలో అడుగుపెట్టాము. బాగేపల్లిలో టీకి ఆగితే అక్కడా తెలుగే వినిపించింది. పిల్లలు 'ఇది మన ఊరే సార్' అని నవ్వారు. బిడది చేరి, గేటు లోపల ఒక చెట్టు కింద రాతి అరుగు దగ్గర అందరినీ నిలబెట్టి లెక్కపెట్టాను. 43. అక్కడే అందరమూ నీళ్ళు తాగి, లోపలికి పోయాము.

మా పిల్లలు అన్నిటికంటె ఎక్కువసేపు నిలబడి చూసినది అలల మడుగు. గోడ వెనక నుంచి యంత్రాలు నీటిని తోస్తుంటే, అల మీద అల వచ్చి పిల్లల మోకాళ్ళను తాకుతోంది. అల వచ్చినా నీళ్ళు అంత దూరం ప్రయాణం చేయవని మీకు తెలుసునా? ఇంట్లో పళ్ళెంలో నీళ్ళు పోసి, ఒక శనక్కాయ పొట్టు వేసి, ఒక పక్క మెల్లగా తట్టి చూడండి. అలలు అంచుదాకా పోతాయి. పొట్టు మాత్రం ఉన్నచోటే లేచి దిగుతుంటుంది.

మా పిల్లలకు ఈ శాస్త్రం పట్టలేదు. వాళ్ళు నీళ్ళనే చూస్తున్నారు. మన అనంతపురం సీమలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే చోట్లలో మనది ఒకటి. నైరుతి మేఘాల నీళ్ళు పడమటి కనుమలే చాలావరకు పిండుకుంటాయి. ఈశాన్యపు మేఘాలకు మనం సముద్రానికి దూరం. బిందెడు నీళ్ళకోసం బోరింగు దగ్గర వరుసలో నిలబడే పిల్లలకు ఆ మడుగు ఎట్లా కనిపించి ఉంటుందో ఆలోచించండి. ఒక పిల్లవాడు, "సార్, ఈ నీళ్ళను సాయంత్రం పారబోస్తారా?" అని అడిగాడు. "లేదు, వడగట్టి మళ్ళీ వాడతారు" అన్నాను. వాడి ముఖం తేటపడింది.

మధ్యాహ్నం మూడు గంటలకు అందరినీ పిలిచి లెక్కపెట్టాను. 42.

మళ్ళీ లెక్కపెట్టాను. 42.

లేనిది ఆరో తరగతి పిల్ల. చిట్టి అనుకుందాం. ఆ పిల్ల తండ్రి ఆ ఏడు పంట చేతికి రాక, బెంగుళూరులో ఇళ్ళు కట్టే పనికి పోయాడు. తల్లి కూడా ఆయన వెంట పోయింది. పిల్ల అవ్వ దగ్గర ఉండి చదువుకుంటోంది. ఆ అవ్వ అనుమతి కాగితం మీద వేలిముద్ర వేసి, "మీ చేతిలో పెడతాండాను సామీ" అన్నది. ఆ మాట అప్పుడు నా చెవుల్లో గంటలాగా మోగింది.

నేను మొదట పరుగెత్తినది ఎక్కడికో చెప్పనక్కరలేదు. అలల మడుగు దగ్గరికి. మా పిల్లలలో ఒక్కరికైనా ఈత రాదు. ఈత నేర్చుకోవటానికి మా ఊరి బావిలో నీళ్ళుంటే గదా! గట్టున నిలబడి ఒక్కొక్క తలనూ చూశాను. కాపలావాణ్ణి అడిగాను. నీళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదన్నాడు. ఈల ఊదాను. ఆ కేకల్లో, యంత్రాల హోరులో నా ఈల నాకే వినిపించలేదు. అక్కడి సిబ్బంది మైకులో పిల్ల పేరు చెప్పారు. నేను ఒక ఆటనుంచి ఇంకొక ఆటకు, అక్కడినుంచి హోటలుకు, హోటలునుంచి మళ్ళీ మడుగుకు పరుగెత్తాను. టోపీ ఎక్కడో పడిపోయింది. ఆ గంటసేపు నేను హెడ్మాస్టరును కాను. ఒకరి బిడ్డను పోగొట్టుకున్న ముసలివాణ్ణి.

చివరకు మా డ్రిల్లు మాస్టరు వచ్చి, "దొరికింది సార్!" అన్నాడు.

గేటు దగ్గర, ఉదయం నేను లెక్కపెట్టిన చోటే, ఆ చెట్టు కింద రాతి అరుగు మీద చిట్టి కూర్చుని ఉంది. పక్కన తోటపని చేసే ఒక కన్నడపు ఆమె ఉంది. ఇద్దరి మధ్య కాగితంలో వేయించిన శనక్కాయలు. ఆమెకు తెలుగు రాదు, ఈ పిల్లకు కన్నడం రాదు. అయినా ఇద్దరూ శనక్కాయలు వలుచుకుని తింటున్నారు.

నేను కోప్పడబోయాను. నోట మాట రాలేదు. పక్కన కూలబడ్డాను. కొంతసేపటికి, "ఎందుకు పోయినావు తల్లీ?" అని మాత్రం అడిగాను.

చిట్టి తల వంచుకుని చెప్పింది: "ఆడ ఒకాయప్ప తలకు తువ్వాల చుట్టుకొని ఇటుకలు మోస్తాండాడు సార్. మా నాయన మాదిరే ఉండాడు. ఎనకాలే పోయినాను. ముందరికి పోయి చూస్తే మా నాయన కాదు. తిరిగి చూస్తే మీరెవరూ లేరు."

"మరి ఇక్కడికి ఎందుకు వచ్చినావు? నన్ను వెతకమని చెప్పాను కదా!"

"మీరు యాడుండారో తెలీదు గదా సార్. తేరు కాడ మా అవ్వ చెప్తాది, 'తప్పిపోతే తేరు కాడ నిలబడొద్దు, తేరు పోతాది. ధ్వజస్తంభం కాడ నిలబడు, అది యాడికీ పోదు' అని. ఈడ ధ్వజస్తంభం లేదు. పొద్దున మనమంతా నీళ్ళు తాగిన చోటు ఇదే గదా! ఈ చెట్టు యాడికీ పోదని వచ్చినాను. మైకులో నా పేరు ఇన్నాను. అయినా కదల్లేదు. కదిలితే మళ్ళీ తప్పిపోతానని."

పిల్లలూ! కదిరి తేరును చూసినవారికి ఆ మాట విలువ తెలుస్తుంది. నరసింహస్వామి తేరు కదిలిందంటే వేలాది జనం దానివెంట కదులుతారు. భక్తులు తేరుమీద మిరియాలు, పండ్లు, దవనం చల్లుతూ ఉంటారు. తేరు ఇప్పుడు ఒక వీధిలో ఉంటే, కొంతసేపటికి ఇంకొక వీధిలో ఉంటుంది. 'తేరు దగ్గర కలుసుకుందాం' అనుకున్నవాళ్ళు ఒకరి వెనక ఒకరు ఊరంతా తిరగవలసిందే. ఎప్పుడూ బడి ముఖం చూడని ఆ అవ్వకు ఈ సంగతి తెలుసు. ట్రెయినింగు పొందిన నాకు తెలియలేదు. 'నన్ను వెతుక్కుంటూ రండి' అని చెప్పి నేను ఊరేగుతూ తిరిగాను. ఆ రోజు తేరును నేనే!

ఆమె చెప్పినదాన్ని ఆ పిల్ల బట్టీ పట్టలేదు, అర్థం చేసుకుంది. ధ్వజస్తంభం లేనిచోట, దానివంటిది ఏదో తానే వెతుక్కున్నది. ఇరవై నియమాలు చెప్పిన మాస్టరు కంటె, ఒక్క నియమం చెప్పి అది ఎందుకో కూడా చెప్పిన అవ్వ మంచి ఉపాధ్యాయురాలు అని నాకు అప్పుడు తెలిసివచ్చింది.

"ఈ శనక్కాయలు ఎవరికోసం తెచ్చినావు?" అని అడిగాను.

"మా నాయనకు సార్. బెంగుళూరు పోతాండాము గదా, కనపడతాడేమోనని. సగం ఉన్నాయి."

తిరునాళ్ళకు ఎందుకు వస్తున్నావని నేను ఆ పిల్లను ముందే అడిగి ఉంటే ఎంత బాగుండేది! రుసుము వసూలు చేశాను, సంతకాలు తీసుకున్నాను. ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమె లంగా జేబులో అవ్వ ఒక చీటీ పెట్టి పంపింది. అందులో తండ్రి సెల్‌ఫోను నెంబరు ఉంది. ఫోను చేశాను. రాత్రి మా బస్సు హెబ్బాళ వంతెన దగ్గరికి వచ్చేసరికి, దీపస్తంభం కింద తలకు తువ్వాల చుట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. పక్కన చిట్టి తల్లి. పది నిమిషాలు బస్సు ఆపాము. 42 మంది పిల్లలూ కిటికీలలోనుంచి చూస్తూ ఉన్నారు. ఒక్కరు కూడా అల్లరి చేయలేదు. ఆ మిగిలిన సగం శనక్కాయలు చేరవలసిన చోటికి చేరాయి.

ఆ తరువాత నేను రిటైరయ్యేదాకా పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోయినా, గేటు లోపల మొట్టమొదట చేసిన పని ఒక్కటే. కదలని చోటు ఒకటి చూసి, అందరినీ అక్కడ నిలబెట్టి, 'ఇదే మన ధ్వజస్తంభం' అని చెప్పటం. ఏ చిన్న పిల్లవాడైనా దాన్ని గుర్తుపట్టి తిరిగి రాగలడా అని ఒకసారి నడిపించి చూడటం. మీరు కూడా అట్లాగే చేయండి. కనపడకుండా పోయినవాడు వెతకకూడదు, ఆ చోటికి పోయి కదలకుండా నిలబడాలి. దారి తెలియకపోతే, అక్కడ పనిచేసే మనిషిని అడగాలి. పెద్దవాళ్ళే అక్కడికి వచ్చి చూస్తారు. ఇద్దరిద్దరు జతగా తిరగండి. జతగాడు కనపడకపోతే మరుక్షణమే చెప్పండి. ఇంటివాళ్ళ ఫోను నెంబరు ఒక చీటీ మీద రాసి, తడవకుండా చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి జేబులో ఉంచుకోండి. సెల్‌ఫోనులో ఉందిలే అనుకోకండి. నీళ్ళలో దిగేటప్పుడు సెల్‌ఫోను లాకరులో ఉంటుంది.

ఇదంతా విని మా వీధి కుర్రవాడు లేచాడు. రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగి, "సార్, మా మాస్టరు ఆ చోటు చూపించకపోతే?" అని అడిగాడు.

"నువ్వే చూపించు. 'సార్, మన ధ్వజస్తంభం ఎక్కడ?' అని అడుగు. మాస్టర్లు కూడా పిల్లల దగ్గర నేర్చుకుంటారు" అన్నాను.

మీరంతా సుఖంగా వెళ్ళి, లెక్క తప్పకుండా తిరిగి రండి!